లైన్ ఆఫీసర్ అంటే అది కాదండీ
లైన్ ఆఫీసర్ అంటే సరిహద్దులో కాపలా కాసే ఆఫీసరని ఈమధ్య ఒక వ్యాసంలో రాశారు. అది కాదండీ. పోరాడే దళాన్నో ఓడనో నడిపే అధికారం ఉన్నవాడు. మన నేవీలో యుద్ధనౌక కమాండ్ ఎగ్జిక్యూటివ్ బ్రాంచి (ఓడ నడపడం, పోరాటం చూసే విభాగం) వాళ్ళకే. ఇంజినీరు భుజం మీద ఎన్ని చారలున్నా ఓడ పగ్గాలు ఆయన చేతికి రావు.

ఇక్కడ బెంగళూరులో, మారతహళ్ళిలో, శనివారం రాత్రిళ్ళు మేం ఐదుగురు తెలుగువాళ్ళం రోల్‌ప్లేయింగ్, అంటే తలా ఒక పాత్ర వేసుకుని పాచికలతో కథ నడిపే ఆట, ఆడతాం. మొన్న ఆటలో ఓడ కెప్టెన్ పోయాడు. డాక్టర్ పాత్ర వేసే మా బావ "నాదే పెద్ద ర్యాంకు, ఇక నేనే కెప్టెన్" అంటూ పాచికలు లాక్కున్నాడు. కుర్ర లెఫ్టినెంట్ పాత్ర వేసే అమ్మాయి ససేమిరా అంది. పునుగులు చల్లారాయి గానీ గొడవ చల్లారలేదు. నన్నడిగితే ఆ అమ్మాయిదే రైటు: లెఫ్టినెంట్ పాత్ర లైన్ ఆఫీసరు, డాక్టర్ పాత్ర కాదు. మా బావ మాత్రం వాట్సాప్ గ్రూపులో ఇప్పటికీ కెప్టెనే!