గాలి వచ్చిన రోజే సెలవా?

మహారాజశ్రీ మూడు రెక్కల గాలిమర గారికి,

విశాఖపట్నం నుంచి కరెంటు బిల్లు క్రమం తప్పకుండా కట్టే ఒకానొకడు రాయునది. ఉభయకుశలోపరి.

తమరి తిండి గాలి. రాయలసీమ కొండల మీద తమరు తిరుగుతుంటే రైలు కిటికీలోంచి పిల్లలకు చూపించి మురిసినవాణ్ణే నేను. కానీ గాలి గంటకు 90 కిలోమీటర్లు దాటితే చాలు, తమరు రెక్కలు పక్కకు తిప్పుకుని పని ఆపేస్తారట! గాలి వేగం రెట్టింపైతే అందులో శక్తి ఎనిమిది రెట్లవుతుందంటారు. అంటే విందు వడ్డించిన రోజే తమరికి ఏకాదశి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. కిటికీకి మంచం అడ్డం పెట్టి, నేనూ మా ఆవిడా దానికి వీపు ఆనించి కూర్చున్నాం. బయట ఊరిని ఊడ్చేసే గాలి, లోపల ఉక్క. ఫ్యాను తిరగదు. తర్వాత కూడా రోజుల తరబడి తిరగలేదు.

అయినా తమరి బాధ తమరిది. 2003లో జపాన్‌లోని మియాకోజిమా దీవి మీద మాయెమి తుఫాను సెకనుకు 74 మీటర్ల వేగంతో విరుచుకుపడితే తమరి బంధువులు కొందరు స్తంభాలతో సహా కూలిపోయారు. పైగా తమరు గాలివైపు తల తిప్పాలంటే మోటారు కావాలి, మోటారుకు కరెంటు కావాలి. తుఫానులో ముందుగా పోయేదే కరెంటు. కరెంటు తయారుచేసే తమరికే కరెంటు కొరత! ఇది చదివి నవ్వాలో జాలిపడాలో తెలియలేదు.

ఆ దేశంలోనే హతెరుమా అనే చిన్న దీవిలో ఇంకో ఉపాయం పట్టారు. తుఫాను వస్తోందంటే గాలిమరను తీగలతో కిందకి దించి నేలమీద పడుకోబెడతారు. గండం గడిచాక మళ్ళీ లేపుతారు. మా తాతగారు కూడా పని ఉన్న రోజున ఇలాగే పడుకునేవారు, లేపడం మాత్రం ఇంత తేలిక కాదు.

అసలు సంగతికి వస్తాను. తమరికి పోటీ వచ్చింది. జపాన్‌లో ఫుకుషిమా అణు విద్యుత్ కేంద్రం ప్రమాదం తర్వాత అత్సుషి షిమిజు అనే ఇంజనీరు అసలు రెక్కలే లేని గాలిమర కట్టాడు. రెక్కల చోట నిలువు గొట్టాలు, అవి తమ చుట్టూ తాము గిర్రున తిరుగుతుంటాయి. స్పిన్నర్ వేసిన బంతి గాలిలో పక్కకు ఒరుగుతుంది చూడండి, ఆ ఒరిగే బలమే ఇక్కడ మొత్తం యంత్రాన్ని తిప్పుతుంది. పైగా గాలి ఎటు నుంచి వచ్చినా తల తిప్పే పని లేదు. గాలి మరీ ఎక్కువైతే గొట్టాల తిరుగుడు తగ్గిస్తే సరి. 2018లో ఇషిగాకి దీవిలో ఒకటి నిలబెట్టారు. దాని సామర్థ్యం 10 కిలోవాట్లు, అంటే మా అపార్ట్‌మెంట్‌లో ఆరేడు ఏసీలకు సరి. మెగావాట్లలో మాట్లాడే తమరు నవ్వుకోవచ్చు. నేను మాత్రం ఆ చీకటి రాత్రి ఒక్క బల్బు వెలిగినా దణ్ణం పెట్టేవాణ్ణి.

ఇంతా రాశాక ఒక మాట ఒప్పుకోవాలి. ఆ గొట్టాల గాలిమర మా సముద్రతీరానికి వచ్చి, తుఫానులో ధైర్యంగా తిరిగిందనే అనుకుందాం. ఆ కరెంటు మా ఇంటికి ఎలా వస్తుంది? హుద్‌హుద్ తర్వాత కొన్ని వీధుల్లో తీగలు భూమిలోకి వెళ్ళాయి. మా వీధి వంతు ఇంకా రాలేదు. మా సందు చివరి స్తంభం చిన్న జల్లుకే ఎదురింటి గోడవైపు ఒరుగుతుంది. టైలరు దాన్ని నైలాన్ తాడుతో వేపచెట్టుకు కట్టాడు. తాడు మొన్న మార్చాం.

ఇట్లు,
టార్చిలైటు బ్యాటరీలు ఎప్పుడూ ఇంట్లో ఉంచుకునే
తమ విధేయుడు