ఇంటి డంబెల్‌పై శ్వేతపత్రం

సంక్రాంతికీ తిరునాళ్లకూ మన పల్లెల్లో ఒంగోలు గిత్తలు బండ లాగుతుంటే చూడటానికి ఊరంతా కదులుతుంది. పళ్లను బట్టి గిత్తల వయసు లెక్కగట్టి, పోటీ రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్ల విభాగాలు దాటి సీనియర్స్ దాకా పోతుంది. జత ముదిరేకొద్దీ బండా బరువెక్కుతుంది. వ్యాయామ శాస్త్రం పెద్ద పెద్ద పేర్లు పెట్టి చెప్పేది కూడా ఇదే: ఒంటికి అలవాటైన బరువు మీద కొంచెం కొంచెంగా వేసుకుంటూ పోవాలి. ఈ విధానం గిత్తల విషయంలో చక్కగా అమలవుతోంది. వాటిని చూసి ఈలలు వేసేవాళ్లకు మాత్రం ఇంతకాలం ఏ పథకమూ లేదు. ఆ లోటు తీర్చడానికే ప్లేట్లు మార్చి బరువు పెంచుకునే, తగ్గించుకునే అడ్జస్టబుల్ డంబెల్ అవతరించింది గనక, దాని లాభనష్టాలను ప్రజల ముందు పెట్టక తప్పదు.

ముందు లాభం. 2.5 కిలోల నుంచి 25 కిలోల దాకా, 2.5 చొప్పున పెంచుతూ మామూలు డంబెల్స్ కొంటే పది జతలు, మొత్తం 275 కిలోలు. నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో రెండో అంతస్తులో అద్దెకుండేవాళ్లు ఈ సంగతి ఇంటి ఓనరుకు ఎలా నచ్చజెబుతారో వాళ్ల ఇష్టం. అదే పని అడ్జస్టబుల్ జత 50 కిలోల్లో కానిచ్చేసి మంచం కిందికి దూరిపోతుంది. మంచం కిందికి దూరడమే దాని అసలు పని అనేవాళ్లు ప్రతిపక్షం. వాళ్ల మాట పట్టించుకోనక్కర్లేదు.

జనం ఎక్కువగా కొనేది రాడ్డు, స్టార్ నట్ల రకం. ‘20 కిలోల సెట్’ అని పెట్టె మీద చూసి పిలకాయలు ఛాతీ విరుస్తారు గానీ, అది రెండు చేతులకూ కలిపిన లెక్క. విప్పితే చాలా సెట్లలో 2 కిలోల ప్లేట్లు నాలుగు, 3 కిలోలవి నాలుగు ఉంటాయి. రాడ్డుకు రెండు వైపులా సమానంగా ఎక్కించాలి కాబట్టి ఒక చేతికి కుదిరే బరువులు మూడే: 4, 6, 10. రాడ్డు బరువు దీనికి అదనం. 6 నుంచి ఒక్క దూకుడున 10కి పోవాలంటే రెండు పళ్ల జతను తెచ్చి సీనియర్స్ బండకు కట్టడమే. భుజం పట్టేస్తుంది, వారం తిరక్కుండా అబ్బాయి వాకింగే అన్నిటికంటే మంచిదని వాదన మొదలుపెడతాడు. దీనికి మందు చవక. 1 కిలో ప్లేట్లు నాలుగు కొనండి. అప్పుడు 1, 2, 3 కలుపుకుంటూ చేతికి 2, 4, 6, 8, 10, 12 కిలోలు వస్తాయి. ఇంత తేలిక లెక్క కంపెనీలకు తట్టలేదంటే నమ్మడం కష్టం, తట్టిందంటే ఇంకా కష్టం.

అయితే 12 దాకా పోవాలంటే ప్లేట్లు ఇనుపవి కావాలి. చవక సెట్లలో పైన నల్ల ప్లాస్టిక్, లోపల సిమెంటు. ఒకే బరువుకు సిమెంటు ప్లేటు ఇనుప ప్లేటుకు ఇంచుమించు మూడింతలు లావు. 14 అంగుళాల రాడ్డు మీద మూడో ప్లేటు ఎక్కేసరికి నట్టు పట్టుకోవడానికి రెండు మరలు మిగులుతాయి. మోచేయి మడిచి బరువు పైకి తెచ్చే కర్ల్ కొట్టేటప్పుడు మణికట్టు తిరిగినప్పుడల్లా ప్లేటు కాస్త తిరిగి, నట్టును కూడా తిప్పుతుంది. దాన్ని ఆపడానికి నట్టులో రబ్బరు వాషర్ పెడతారు. అది ఊడి సోఫా కిందికి దొర్లిపోతే వెతకండి, లేకపోతే హార్డ్‌వేర్ షాపులో ఆ సైజుది తెచ్చి వేయండి. ఒక విడత ఎత్తడం అయ్యాక మరో విడతకు ముందు నాలుగు నట్లూ బిగించి చూడటం తప్పనిసరి, పడుకుని ముఖం మీదుగా ఎత్తేవాళ్లకు మరీ. సిమెంటు ప్లేటు చేయి జారిందంటే అతుకు దగ్గర నోరు తెరిచి బూడిద పొడి రాలుస్తుంది. “ఏందిరా అబ్బయా, కసరత్తు చేస్తా ఉండావా, ఇల్లు కడతా ఉండావా?” అని అమ్మ అడిగే ప్రశ్నకు ఏ ఫిట్‌నెస్ యాప్‌లోనూ జవాబు లేదు.

కావలి, కొత్తపట్నం వైపు ఉప్పుగాలికి చెమట కూడా తోడై రాడ్డు మరలు తుప్పు పడతాయి. వాడాక పొడిగుడ్డతో తుడిచి కుట్టుమిషను నూనె రెండు చుక్కలు వేస్తే చాలు.

డయల్ రకం కలిగినవాళ్ల సొత్తు. పిడికి రెండు చివరలా డయల్ తిప్పితే లోపలి బిళ్లలు కావలసిన ప్లేట్లను పట్టుకుంటాయి, మిగతావి డంబెల్‌ను ఉంచే తొట్టిలోనే ఉండిపోతాయి. బరువు తగ్గించుకుంటూ ఆగకుండా చేసే డ్రాప్ సెట్లకు దీన్ని మించింది లేదు. రాడ్డు రకంలో నట్లు విప్పి బిగించేలోపు ఒళ్లు చల్లారిపోతుంది. కాకపోతే తొట్టి సమంగా ఉన్న నేల మీదే కూర్చోవాలి. మనవాళ్లు సాయంత్రం గాలికని మిద్దె మీదికి మోసుకుపోతారు. మిద్దెకు వాననీళ్లు పోవడానికి వాలు ఉంటుంది. ఆ వాలుకు ప్లేట్లు ఒక పక్కకు ఒరిగి, డయల్ రెండు అంకెల మధ్య బిగుసుకుంటుంది. బలవంతం చేస్తే ప్లాస్టిక్ పన్ను విరుగుతుంది. దానికి స్పేర్ పార్టు అడిగితే నెల్లూరు ట్రంకు రోడ్డులో మిమ్మల్నే వింతగా చూస్తారు.

కింద పడేయడం అసలే పనికిరాదు. 2025 జూన్‌లో అమెరికాలో బోఫ్లెక్స్ అనే కంపెనీ పేరుతో అమ్మిన డయల్ రకం డంబెల్స్‌లో 552, 1090 మోడళ్లను, ఎత్తినప్పుడు ప్లేట్లు ఊడి పడుతున్నాయని, సుమారు 38 లక్షలు వెనక్కి పిలిచారు. మన దగ్గర పిలవాల్సిన పని ఉండదు, సగం ఇప్పటికే మంచం కింద భద్రంగా ఉన్నాయి. మిగతా సగం వాడేవాళ్లు రెండు డయల్స్ మీదా ఒకే అంకె ఉందో లేదో చూసి, తొట్టి మీద జానెడు ఎత్తులోనే ఒకసారి కుదిపి, ఆ తర్వాతే పైకెత్తాలి.

కాళ్ల వ్యాయామం ఈ పత్రం పరిధిలోకి రాదు. మన పిలకాయల పరిధిలోకి కూడా అది ఏనాడూ రాలేదు.

సిఫారసు ఒక్కటే. ఇనుప ప్లేట్లు తీసుకుని, రాడ్లు రెండు అదనంగా కొని, తేలిక జత ఒకటి, బరువు జత ఒకటి బిగించి ఉంచండి; నట్లు విప్పే బాధ సగం తగ్గుతుంది. పైగా మనసు మారిన రోజున పాత ఇనుము బండి అతను ఇనుప ప్లేట్లను కాటా వేసి డబ్బులిస్తాడు. సిమెంటువి ఇస్తే గోటితో తట్టి చూసి, “ఇది మీరే ఉంచుకోండి సార్” అని తిరిగి చేతిలో పెడతాడు.