చేతుల్లేని బనియన్‌తో ఆఫీసుకా?

పదిహేనేళ్ల కిందట ఒక మే నెలలో విజయవాడలో ఇంటర్వ్యూకి వెళ్లాను. లేత నీలం చొక్కా, ముందురోజు రాత్రే ఇస్త్రీ చేయించాను. లోపల తెల్ల బనియన్, చేతుల్లేనిది. బస్టాండు నుంచి ఆటోలో పావుగంట. రిసెప్షన్‌లో కూర్చున్నాక చూసుకుంటే రెండు చంకల కిందా అరచేయంత మేర చొక్కా ముదురు నీలానికి తిరిగింది. లోపల ఏసీ ఉంది. అయినా ఆ తడి ఆరలేదు, ఇంకా పాకింది. అడిగిన వాటికి జవాబులు తెలిసి కూడా చెయ్యి కదిపి చెప్పలేక, మోచేతులు పక్కలకి బిగించుకుని అరగంట కూర్చున్నాను.

చాలాకాలం ఆ తప్పు ఎండదే అనుకున్నాను. బనియన్ వేసుకున్నాను కదా, అంతకంటే ఏం చేస్తాం అని. చంక దగ్గర బట్టే లేని బనియన్ చంకలో చెమటని ఎలా పీలుస్తుందన్న ఆలోచన అప్పుడు రాలేదు.

‘చొక్కా కింద బనియన్ లేకుండా బయటికెళ్తావేంట్రా’ అనేవారు మా నాన్న. ఆయన బడిపంతులు. ఆ మాటలో న్యాయం ఉంది. కానీ ఏ బనియన్ అన్నది మాత్రం మన ఇళ్లలో ఎవరూ మాట్లాడుకోరు. చొక్కా కొనేటప్పుడు నాలుగు వేసి చూసి, అద్దం ముందు తిరిగి, పదిహేను వందలు పెడతాం. బనియన్ల పెట్టె మాత్రం ఇంట్లో ఎవరో తెస్తారు. అదే కంపెనీ, అదే నంబరు, ఏళ్ల తరబడి. నాన్న తరం చొక్కాలు వదులుగా కుట్టించుకునేది, చాలామంది బయటికే వదిలేసేవారు, లోపల గాలి ఆడేది. వాళ్లకి చేతుల్లేనిది సరిపోయింది. ఇప్పటి ఆఫీసు చొక్కా చంకలో పట్టేసి ఉంటుంది, పైగా టక్ చేయాలి. దాని కింద పాత బనియనే వేస్తున్నాం.

ఏసీ ఆఫీసులో చెమట ఎక్కడిది అనేవాళ్లు ఒక సంగతి గమనించాలి. చంకలో చెమట గ్రంథులు రెండు రకాలు. ఒకటి ఒళ్లంతా ఉండేవి, ఎండకి నీళ్లలాంటి చెమట పోసేవి. రెండోవి అపోక్రైన్ గ్రంథులు. ఇవి వెంట్రుక కుదుళ్లలోకి తెరుచుకుంటాయి, టెన్షన్ పడ్డప్పుడు పని చేస్తాయి. వీటి చెమటకి బయటికి వచ్చినప్పుడు వాసన ఉండదు, చర్మం మీది బ్యాక్టీరియా దాన్ని తిన్నాకే వాసన పుడుతుంది. టెన్షన్‌లో చంకలోని మొదటి రకం గ్రంథులు కూడా చెమట పోస్తాయి. టార్గెట్ల మీటింగులో ఏసీ 22లో ఉన్నా చంక తడిసేది అందుకే. పైగా చాలా ఫార్మల్ చొక్కాల్లో పాలిస్టర్ కలుస్తోంది. మామూలు వాతావరణంలోనే నూలు తన బరువులో 8 శాతం దాకా తేమని పట్టి ఉంచుతుంది, పాలిస్టర్ అర శాతం కూడా పట్టదు. ఆ చెమట పీల్చడానికి చర్మానికీ చొక్కాకీ మధ్య ఒక నూలు పొర ఉండాలి, అది చంకని కప్పాలి. చేతుల బనియన్ చేసే పని అదే.

షాపులో అడగాల్సింది కూడా అదే. చాలా కంపెనీల పెట్టెల మీద ఆర్‌ఎన్ అంటే గుండ్రటి మెడ, చేతులుండవు. ఆర్‌ఎన్‌ఎస్ అంటే చేతులున్నది. ఒక్క అక్షరమే తేడా. 85, 90, 95 అన్న అంకెలు ఛాతీ కొలత, సెంటీమీటర్లలో. 36 అంగుళాల ఛాతీకి 90, 38కి 95 సరిపోతుంది. ఎప్పుడో కాలేజీ రోజుల నంబరే ఇప్పటికీ అడుగుతుంటే ఒకసారి టేపు పెట్టి చూసుకోవడం మంచిది. వదులైతే నడుము దగ్గర ముద్ద కడుతుంది, పొట్టిదైతే కుర్చీలోంచి లేచిన ప్రతిసారీ ప్యాంటులోంచి ఊడి వస్తుంది.

ఇక రంగు. తెల్ల చొక్కా కింద తెల్ల బనియనే కనపడదని మనందరి నమ్మకం. నిజానికి బాగా కనపడేది అదే. పలచటి తెల్ల బట్టలోంచి వెలుతురు లోపలికి పోతుంది. మన గోధుమ రంగు, చామనచాయ ఒంటి మీద పడ్డచోట చాలావరకు ఇంకిపోతుంది, తెల్ల బనియన్ మీద పడ్డచోట తిరిగి వచ్చేస్తుంది. ఆ తేడాకే భుజం మీద పట్టీలు, వీపు మీద వంపులు గీత గీసినట్టు కనిపిస్తాయి. నమ్మకం లేకపోతే కిటికీ దగ్గర తెల్ల చొక్కా లోపల చెయ్యి పెట్టి చూడండి. సగం అరచేతి మీద తెల్ల బనియన్ గుడ్డ, మిగతా సగం మీద బూడిద రంగు గుడ్డ వేయండి. తెల్లది వెంటనే బయటపడుతుంది, బూడిద రంగుది చేతిలో కలిసిపోతుంది. ఒంటి రంగుకి దగ్గరగా ఉన్న గోధుమ రంగు దొరికితే ఇంకా మంచిది. పై గుండీ తీసి ఉంచుకునేవాళ్లకి వీ నెక్ కావాలి, టై కట్టేవాళ్లకి గుండ్రటి మెడ చాలు.

రెండు పొరలు వేస్తే వేడి పెరగదా? పెరుగుతుంది. రామగుండం లాంటి పొడి ఎండలో నూలు పీల్చిన చెమట త్వరగా ఆరుతుంది, ఆరుతూ ఒంటిని చల్లబరుస్తుంది. విశాఖ ఉక్కపోతలో ఆరదు, తడి బనియన్ వీపుకి అంటుకుంటుంది. అక్కడ దొరికిన వాటిలో అతి పలచనిది తీసుకోవాలి, వీలైతే మధ్యాహ్నం మార్చుకోవాలి. అసలు ఆ ఉక్కలో ఫుల్ హ్యాండ్స్, టై అడిగే ఆఫీసులనే నేను తప్పు పడతాను. సుప్రీంకోర్టు, హైకోర్టుల్లో తప్ప ఎండాకాలంలో న్యాయవాదులకి నల్లకోటు తప్పనిసరి కాదని బార్ కౌన్సిల్ నిబంధనే చెబుతోంది. కింది కోర్టులకి లేని పట్టుదల, బైకు మీద రోజుకి పది ఆసుపత్రులు తిరిగే మెడికల్ రెప్ మీద కంపెనీలకి ఎందుకు? ఏప్రిల్, మే నెలల్లో సగం చేతుల వదులు నూలు చొక్కాకి ఒప్పుకుంటే చాలామందికి బనియన్ అవసరమే తగ్గుతుంది.

చంకలో పసుపు మరకల సంగతి ఒక్క మాట. చెమట ఒక్కటే ఆ మరక వేయదు. చెమట ఆపే స్ప్రేలు, రోల్ ఆన్‌లలోని అల్యూమినియం లవణాలు చెమటతో కలిసి బట్టకి పడతాయి. అవి పూర్తిగా ఆరాకే బనియన్ తొడగాలి. మరక పడ్డాక బ్లీచింగ్ పోస్తే పసుపు ఇంకా ముదరొచ్చు. నీలిమందు దాన్ని కప్పుతుందే కానీ పోగొట్టదు.

గత ఏప్రిల్‌లో మా అక్క కొడుకు మెడికల్ రెప్‌గా చేరాడు. బూడిద రంగు చేతుల బనియన్లు ఆరు కొనిచ్చాను. ‘ఇన్నెందుకు మావయ్యా’ అన్నాడు. ఇప్పుడు శాంపిళ్ల బ్యాగులో రోజూ ఒకటి మడతపెట్టి తీసుకెళ్తున్నాడు, భోజనానికి ముందు మార్చుకుంటున్నాడు. సాయంత్రం డాక్టర్ల దగ్గరికి వెళ్లేటప్పుడు కూడా ఒంటి మీద పొద్దున వేసుకున్న చొక్కానే, చంక దగ్గర పొడిగా.