నూరుమంది ఉంటేనే రంగులా?

నిరుడు ఫిబ్రవరిలో ఆదోని వైపు ఒక సీజనల్ హాస్టల్లో ఒక మధ్యాహ్నమంతా కూర్చున్నాను. తల్లిదండ్రులు సుగ్గికి, అంటే గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి వలస పోతే, వెనక మిగిలిన పిల్లల కోసం నడిపే వసతి అది. పిల్లలు ముప్పై మందికి పైనే. నేను పట్టుకెళ్లిన రంగు పెన్సిళ్ల పెట్టెలు నాలుగు. మీకు నచ్చింది వేయండి అన్నాను. సాయంత్రానికి నాలుగు పెట్టెల్లోనూ ఎరుపు పెన్సిలు చెక్కి చెక్కి బొటనవేలంత మిగిలింది. సగం మందికి పైగా మిరప కల్లాలే వేశారు మరి. ఒక పాప కల్లం పక్కన పట్టా గుడిసె వేసి, దానికి తలుపు పెట్టలేదు. మరిచిపోయావా అని అడిగితే, "అక్కడ తలుపు ఉండదు సార్, చీర కడతారు" అంది. 'మా ఊరు' అని వ్యాసం రాయమంటే ఆ చీర సంగతి ఆ పాప ఎన్నటికీ రాయదు.

చదువే అంతంతమాత్రంగా ఉన్న చోట బొమ్మలెందుకు అని అడిగేవారికి ఇంతకంటే పెద్ద సిద్ధాంతం నా దగ్గర లేదు.

చట్టం ఏమంటుందో చూద్దాం. 2009 నాటి విద్యాహక్కు చట్టం షెడ్యూలులో కళా విద్యకు చోటుంది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల వరకు చిత్రలేఖనం లాంటి కళలకు, వ్యాయామానికి, పని విద్యకు పార్ట్‌టైమ్ బోధకులు ఉండాలి. అయితే ఒక మెలిక ఉంది. బడిలో పిల్లలు వందకు మించి ఉంటేనే. ఒకటి నుంచి ఐదు తరగతులకైతే ఆ మాటే లేదు. ఇప్పుడు పశ్చిమ కర్నూలు పల్లెలు, అనంతపురం తండాలు గుర్తు తెచ్చుకోండి. పేద పిల్లలు చదివేది చాలావరకు చిన్న బడుల్లోనే. ఏ బడి ఎంత చిన్నదైతే అక్కడి పిల్లలకు ఇంట్లో రంగులు దొరికే అవకాశం అంత తక్కువ. సరిగ్గా ఆ బడినే చట్టం గీత అవతల ఉంచింది. చేసినవారికి దురుద్దేశం ఉందనుకోను. ఖర్చు లెక్క వేసి ఎక్కడో ఒక అంకె పెట్టాలి కాబట్టి వంద పెట్టారు. ఆ అంకె ఎవరి మీద పడుతుందో చూసుకోలేదు.

2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కళను పదో తరగతి దాకా తప్పనిసరి విషయంగా ఉంచమంది. మన రాష్ట్రంలో నిరంతర సమగ్ర మూల్యాంకనం, అంటే ఏడాది పొడవునా పిల్లలను అన్ని విషయాల్లో అంచనా వేసే పద్ధతి, వచ్చాక 'కళలు-సాంస్కృతిక విద్య' అని రిజిస్టరులో ఒక గడి కూడా వచ్చింది. దానికి గ్రేడు వేయాలి. బోధించేవారు లేని చోట గ్రేడు ఎలా వేస్తారని ఒక ఉపాధ్యాయుణ్ణి అడిగితే నవ్వి ఊరుకున్నారు. ఆ పీరియడు లెక్కల సారుదో ఇంగ్లీషు మేడమ్‌దో అయిపోతుంది. పిల్లవాడు ఏడాదంతా కుంచె ముట్టకుండానే 'ఏ' గ్రేడుతో పై తరగతికి వెళ్తాడు.

బడి పిల్లలకు ప్రభుత్వం ఇచ్చే కిట్లదీ అదే తీరు. ప్రభుత్వంతో పాటు కిట్టు పేరు మారుతుంది. బ్యాగు, బూట్లు, బెల్టు, నిఘంటువు అన్నీ వచ్చాయి. రంగుల పెట్టె మాత్రం ఆ జాబితాలోకి ఎక్కలేదు. 2015 నుంచి కళా ఉత్సవ్ పోటీలు జరుగుతున్నాయి, మంచిదే. నేర్పకుండా పోటీ పెడితే, బయట ఫీజు కట్టి నేర్చుకున్న పిల్లలే ముందుంటారు. కడపలో 2020లో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం వెలిసింది. సీమకు అది గర్వకారణమే. కానీ తండా బడి నుంచి దానికి మెట్లు లేవు. మేడ కట్టి మెట్లు మరిచాం.

ఇక్కడ కళ లేకనా అంటే, కాదు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోది, జనం నోట ఇంకా అనంతపురమే. అక్కడ తోలుబొమ్మల కోసం మేక తోలును వేడినీళ్లతో శుభ్రం చేసి, వెంట్రుకలు గీకి, వెలుతురు పారేంత పలచగా ఆరబెడతారు. గీత గీసి రంగులు వేయడం ఒక పని. చిన్న ఉలులతో చిల్లులు కొట్టడం ఇంకో పని. ఆ చిల్లుల వరస దీపం ముందు పెట్టినప్పుడు హారమవుతుంది, వడ్డాణమవుతుంది. వెలుగుతో బొమ్మ గీయడమంటే అదే. తోలుబొమ్మలాటలు తగ్గాక ఆ చేతులే దీపాలకు తోలు తొడుగులు (ల్యాంప్‌షేడ్లు) చేసి బతుకుతున్నాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఊళ్లో ఇంత విద్య ఉంటే, బడిగంట మోగాక అది గేటు బయటే నిలబడుతోంది.

దీన్ని సరిదిద్దే వంకతో తోలుబొమ్మల కుటుంబాల పిల్లలకు తోలుబొమ్మలే, నేతగాళ్ల పిల్లలకు నేతే నేర్పుదామనే వాళ్లున్నారు. నేను ఒప్పుకోను. అది కులవృత్తికి బడి ముద్ర వేయడమే. తోలుబొమ్మ ఆదోని పాపకూ రావాలి. ధర్మవరం నేతగాడి కొడుక్కి, గ్రాఫు కాగితం మీద గళ్లు నింపి చీర అంచు డిజైను చేయడంతో పాటు, దాన్ని వదిలి వేరే బొమ్మ వేసే స్వేచ్ఛా రావాలి.

చేయదగ్గది పెద్దదేమీ కాదు. బడికొక టీచరు సాధ్యం కాకపోతే చుట్టుపక్కల బడులన్నీ కలిసిన స్కూల్ కాంప్లెక్సుకు ఒకరిని ఇచ్చి, వారానికి ఒక్కో బడిలో ఒక్కో పూట పంపవచ్చు. జీతంతో పాటు పెట్రోలు ఖర్చూ లెక్కలో పెట్టాలి, లేకపోతే రోడ్డు పక్క బడులతోనే సరిపెడతారు. సుగ్గి కాలంలో ఆ పూటలు సీజనల్ హాస్టళ్లకు మళ్లించాలి. ఇక అర్హత సంగతి. డ్రాయింగ్ టీచరు కావాలంటే డ్రాయింగులో లోయర్, హయ్యర్ గ్రేడు పరీక్షలు, టీటీసీ అనే టీచరు శిక్షణ సర్టిఫికెట్టు అడుగుతారు. ఉద్యోగానికి అది సబబే. కానీ పూట లెక్కన డబ్బిచ్చి కళాకారులను పిలుచుకునే వెసులుబాటు విడిగా ఉండాలి. నలభై ఏళ్లు ఉలి పట్టిన మనిషిని లోయర్ పాసయ్యారా అని అడగడం మనకే చిన్నతనం.

జూన్‌లో బడులు తెరుస్తారు. టైంటేబుల్ వేసేది అప్పుడే. కళ అని రాసిన గడి ఎదురుగా ఎవరి పేరు రాయాలో ఆ లోపు ప్రధానోపాధ్యాయుడికి తెలియాలి.