సీమ ఓటరు మారిపోయాడట!

టీవీ చర్చల్లో ఈ మధ్య ఒకే మాట వినీ వినీ చెవులు తూట్లు పడుతున్నాయి. "రాయలసీమ ఓటరు విధేయత మారుతోంది." చెప్పేవాళ్లు నలుగురు, నలుగురి వెనకా మ్యాపు. 2019లో సీమలోని 52 సీట్లలో 49 వైసీపీవి. 2024లో మిగిలినవి ఏడే. మ్యాపు రంగు మారింది కాబట్టి మనిషీ మారినట్టే లెక్క. తాతల కాలం నుంచి ఒకే గడపకు దండం పెట్టిన జనం, ఇంటి పెద్ద చెప్పిన గుర్తు తప్ప ఇంకోటి ఎరగని జనం, ఇంత పని చేస్తారా అని విశ్లేషకుడి ఆవేదన. పీటల మీద పెళ్లి ఆగిపోయిన ఆడపిల్ల తండ్రి కూడా అంత కుమిలిపోడు.

ఆయన బాధలో న్యాయం లేకపోలేదు. విధేయత చాలా విలువైన వస్తువు. అందుకే మన నాయకులు దాన్ని తాము వాడి అరగదీయకుండా భద్రంగా ఓటరు దగ్గరే దాచిపెట్టారు.

కడప జిల్లాలోని జమ్మలమడుగు నియోజకవర్గాన్నే తీసుకోండి. ఆదినారాయణరెడ్డి గారు 2004లో, 2009లో కాంగ్రెస్ ఎమ్మెల్యే. 2014లో వైసీపీ ఎమ్మెల్యే. ఆ పదవికి రాజీనామా చేయకుండానే 2017లో టీడీపీ ప్రభుత్వంలో మంత్రి. 2019లో సైకిల్ గుర్తు మీద కడప ఎంపీకి పోటీ చేసి ఓడిపోయారు. ఆ తర్వాత బీజేపీ, 2024లో కమలం గుర్తు మీద మళ్లీ ఎమ్మెల్యే. ఇరవై ఏళ్లుగా కళ్లు మూసుకుని ఆయనకే ఓటేస్తున్న మనిషి ఉన్నాడనుకోండి. పాపం చెయ్యి నొక్కాడు, ఫ్యాను నొక్కాడు, సైకిల్ నొక్కాడు, కమలమూ నొక్కాడు. ఇంతకంటే నికార్సైన విధేయుడు దేశంలో ఎక్కడ దొరుకుతాడు? మ్యాపు దృష్టిలో మాత్రం అతను మూడుసార్లు ఫిరాయించిన నిలకడలేని ఓటరు. ఇక ఆయన అంటే తరాలుగా పడని వర్గానికి చెందిన రామసుబ్బారెడ్డి గారు 2019లో అదే సైకిల్ మీద అసెంబ్లీకి పోటీ చేశారు, 2020లో ఫ్యాను కిందకు వెళ్లారు. ఆ ఒక్క ఎన్నికలో రెండు వర్గాల కార్యకర్తలూ ఒకే జీపులో ఎవరి మొహం ఎటు తిప్పుకుని కూర్చున్నారో ఏ సర్వే సంస్థా చెప్పలేదు.

అయినా తప్పు ఓటరుదే కాబట్టి, విచారణ జరగాల్సిందే. ఛానల్ కుర్రాడు మైకు పట్టుకుని అదే నియోజకవర్గంలోని మైలవరం మండలంలో ఓ టీ అంగడి ముందు దిగాడనుకుందాం. బెంచీ మీద ఓ పెద్దాయన.

"పెద్దాయనా, మీ విధేయత ఎందుకు మారింది?"

"యేంది నాయనా మారింది?"

"అదే... అప్పుడు వాళ్లకు వేశారు, ఇప్పుడు వీళ్లకు..."

"వాళ్లెవరు, వీళ్లెవరబ్బా? మాకుండేది ఒకాయనే గదా. ఆయన యాడికి పోతే మేమూ ఆడికే పోతిమి."

కుర్రాడికి బైటు, అంటే టీవీలో వేసుకోడానికో మాట ముక్క కావాలి. "అంటే మీరు మార్పు కోరుకున్నారు?"

పెద్దాయన బీడీ ఆర్పి పక్కన పెట్టాడు. "ఉక్కు ఫ్యాక్టరీ వస్తాదని రాజశేఖర్ రెడ్డి వచ్చి రాయేసిపాయె. చంద్రబాబు వచ్చి కంబాలదిన్నె కాడ ఇంగో రాయేసె. జగను వచ్చి సున్నపురాళ్లపల్లె కాడ ఒకటేసె, మూడేండ్లకు మళ్లా వచ్చి ఇంగోటేసె. రాయి రాయికీ ట్రాక్టరెక్కి పోయి చప్పట్లు కొట్టొస్తిమి. మనవడు కువైట్‌లో కారు తోలుతాండాడు. ఇందులో ఏది మారిందో నువ్వే చెప్పు."

కుర్రాడు కెమెరా వైపు తిరిగాడు. "చూశారుగా, ఉక్కు సంకల్పంతో ఇక్కడి ఓటరు మార్పు కోరుకుంటున్నాడు!"

మొదటి రాయి పడింది 2007లో. నాలుగోది 2023లో. ఈ పదహారేళ్ల మీద ఒక్క చర్చ పెట్టమంటే మాత్రం అందరికీ టైమ్ అయిపోతుంది, బ్రేక్ వస్తుంది.

విశ్లేషకులకు మరీ ఇష్టమైన ఊరు పులివెందుల. 2021లో అక్కడి మున్సిపాలిటీలో 33 వార్డులూ వైసీపీకి ఏకగ్రీవం. ఓటరు వేలికి సిరా అంటుకునే పనే లేకపోయింది. 2024లో జగన్ మెజారిటీ 61,687. ఏడాది తిరిగింది. 2025 ఆగస్టులో అదే నియోజకవర్గంలోని ఒక మండలానికి జడ్పీటీసీ ఉపఎన్నిక జరిగితే టీడీపీకి 6,700కు పైగా ఓట్లు, వైసీపీకి 683, డిపాజిట్ గల్లంతు. "అనూహ్యమైన మార్పు" అన్నాడు ఒకాయన, కళ్లజోడు సర్దుకుంటూ.

ఏం మార్పయ్యా అది? ఒక ఊరి ఓటర్లకు పక్క ఊళ్లో బూత్ పెట్టారని గొడవ. మమ్మల్ని ఓటేయనివ్వండి సామీ అని జనం పోలీసుల కాళ్ల మీద పడ్డ వీడియోలు రాష్ట్రమంతా చూసింది. మీరు చూడలేదా? అప్పుడు ఎదుటివాడు నామినేషన్ వేయడానికి కూడా వణికేట్టు చేసి, దానికి ప్రజాభిమానమని పేరు పెట్టుకున్నది వాళ్లు. ఇప్పుడు పోలీసులను నిలబెట్టి, దానికి ప్రజాస్వామ్యం గెలిచిందని పేరు పెట్టుకున్నది వీళ్లు. మధ్యలో గుర్తింపు కార్డు జేబులో పెట్టుకుని ఎండలో తిరిగి ఇంటికొచ్చిన రైతును మీరు ఏసీ స్టూడియోలో కూర్చుని చంచలుడంటున్నారు. సిగ్గనిపించదా?

అంతగా విశ్లేషించాలని దురద పుడితే, మైకు తీసుకుని ఆ 683 మందిలో ఒక్కడినైనా పట్టుకోండి. ఎందుకు మారలేదని అడగొద్దు, లోపలికెట్లా పోగలిగినావని అడగండి.