ముందు వసూలు, తర్వాత లెక్కా?

కరెంటు బిల్లులో యూనిట్‌కు 13 పైసలు తగ్గినందుకు సంతోషించమంటున్నారు. 2024-25 లెక్కలు తేల్చిన ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలి, విద్యుత్ పంపిణీ సంస్థలైన డిస్కంలు జనం నుంచి రూ.923 కోట్లు ఎక్కువ రాబట్టాయని గుర్తించింది. ఆ మొత్తాన్ని 2025 నవంబరు నుంచి బిల్లుల్లో తగ్గించి ఇవ్వమంది. ఇవ్వాల్సిందే. కానీ ఆ ఏడాది పొడవునా ఇంధనం, కరెంటు కొనుగోలు ఖర్చుల సర్దుబాటు పేరిట యూనిట్‌కు లాగింది 40 పైసలు. అందులో దాదాపు మూడో వంతు అసలు తీసుకోకూడని సొమ్మని ఏడాది గడిచాక తేలింది. ముందే లెక్క చూసి ఉంటే ఆ డబ్బు జనం జేబుల్లోంచి కదిలేదే కాదు.

నెలకు 150 యూనిట్లు కాల్చే ఇంటి బిల్లు తీసుకోండి. మొదటి 30 యూనిట్లకు రూ.1.90, తర్వాతి 45కు రూ.3, ఆపై 50కి రూ.4.50, మిగిలిన 25కు రూ.6 చొప్పున రూ.567 అవుతుంది. ఈ ధర మండలి విచారణ జరిపి, అభ్యంతరాలు విని, ఉత్తర్వులో ప్రకటించినది. దానికి 40 పైసల లెక్కన మరో రూ.60 కలుస్తుంది. అంటే పదో వంతుకు పైగా భారం ఏ విచారణా లేకుండానే బిల్లెక్కింది. దీనికి తోడు పాత ఏళ్ల సర్దుబాటు బాకీలున్నాయి. 2022-23కు రూ.6,072 కోట్లు, 2023-24కు రూ.9,412 కోట్లు, కలిపి రూ.15 వేల కోట్లకు పైగా 2024 డిసెంబరు నుంచి వసూలు మొదలుపెట్టారు. పాత వాడకం సర్వీసు నంబరును పట్టుకుని వస్తుంది. అప్పుడు ఆ ఇంట్లో ఉన్న అద్దెదారు ఎప్పుడో ఖాళీ చేసి వెళ్లిపోయాడు. కొత్తగా దిగిన కుటుంబం ఎవరో కాల్చిన కరెంటుకు డబ్బు కట్టాలి!

బొగ్గు ధర తమ చేతుల్లో ఉండదని, ఉత్పత్తి సంస్థలకు వేళకు చెల్లించకపోతే అపరాధ రుసుము పడుతుందని, బాకీ పేరుకుంటే వడ్డీ కూడా వినియోగదారుడే మోయాలని డిస్కంలు అంటున్నాయి. అందులో కొంత నిజముంది. 2022 వేసవిలో విదేశీ బొగ్గు పది శాతం కలపాల్సిందేనని కేంద్రం పట్టుబట్టింది. కరెంటు అమ్మకం, కొనుగోలు జరిగే ఎక్స్ఛేంజిలో యూనిట్ గరిష్ఠ ధర రూ.12 పలికింది. అయితే పెరిగిన ఖర్చులో బొగ్గు వాటా ఎంత, ముందుచూపు లేని కొనుగోళ్ల వాటా ఎంత? అది చెప్పకుండా మొత్తం మూటకట్టి బిల్లులో వేయడమే మా అభ్యంతరం.

ఈ లెక్క తేల్చడం అసాధ్యమేమీ కాదు. కరెంటు కొనుగోళ్లకు రోజును 15 నిమిషాల చొప్పున 96 బ్లాకులుగా విడదీస్తారు. ఏ బ్లాకులో ఎంత కొన్నారో, ఏ ధరకు కొన్నారో డిస్కంల దగ్గర ఉంటుంది. మధ్యాహ్నం సౌర విద్యుత్తు చవగ్గా దొరుకుతుంది. సాయంత్రం ఆరు దాటాక గిరాకీ, ధర రెండూ పైకి లేస్తాయి. గిరాకీ పెరిగే ఆ సమయం కోసం ముందుగానే ఒప్పందం చేసుకోని డిస్కం ఏ రోజుకారోజు ఎక్స్ఛేంజికి పరుగెత్తి, అడిగినంత పెట్టి కొంటుంది. మండలి ఏటా ఖరారు చేసే ధర, అంటే టారిఫ్ అంచనాలో జలవిద్యుత్తు వాటా ఎక్కువ చూపిస్తే కాగితం మీద ధర తగ్గుతుంది. వాన మొహం చాటేస్తే ఆ లోటు సర్దుబాటు చార్జీగా తిరిగొస్తుంది. ఏమైనా సరే ఖర్చు నెలనెలా రాబట్టుకోవచ్చని భరోసా ఉన్నవాడు ఎందుకు బేరమాడతాడు?

వ్యవసాయ వాడకం దగ్గర చీకటి ఇంకా చిక్కన. చాలా పంపుసెట్లకు మీటర్లు లేవు. నమూనాగా ఎంచిన ట్రాన్స్‌ఫార్మర్ల రీడింగులతో జిల్లా మొత్తం వాడకాన్ని అంచనా కడతారు. ఆ నమూనా మీటర్లలో కొన్ని పనిచేయకపోయినా మొత్తం అంచనా పక్కదారి పడుతుంది. అంచనా పెరిగితే చౌర్యం, లైను నష్టాలు రైతు ఖాతాలో దాక్కుంటాయి. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మరుకు 5 హెచ్‌పీ మోటార్లు నాలుగు తగిలిస్తేనే నిండిపోతుంది. ఏడెనిమిది తగిలించి, ఆటో స్టార్టర్లతో అన్నీ కరెంటు రాగానే ఒక్కసారి లేస్తే కాయిల్ కాలుతుంది. ఆ మరమ్మతు ఖర్చూ చివరికి టారిఫ్‌లోకే చేరుతుంది.

ఈ పాపంలో పార్టీలకు తేడా లేదు. వైఎస్సార్‌సీపీ పాలనలో తెలుగుదేశం ‘బాదుడే బాదుడు’ అంటూ ఊరూరా తిరిగింది. గద్దెనెక్కాక పాత బాకీల వసూలుకు గత ప్రభుత్వాన్ని నిందించి చేతులు దులుపుకుంది. తమ ఏలుబడిలో జరిగిన కొనుగోళ్ల బాకీలకే 2024 డిసెంబరు 27న వైఎస్సార్‌సీపీ రోడ్డెక్కింది. వేసిన చేయి, వసూలు చేసిన చేయి రెండూ జనం ముందు దండం పెడుతున్నాయి.

కేంద్రమూ తక్కువ తినలేదు. ఏడాదికి ఒకసారికి మించి టారిఫ్ మార్చరాదని 2003 విద్యుత్ చట్టం 62వ సెక్షన్ చెబుతూనే ఇంధన చార్జీలకు చిన్న మినహాయింపు ఇచ్చింది. 2022 డిసెంబరు నాటి నిబంధనలతో ఆ చిన్న సందును నెలనెలా తనంతట తానే తెరుచుకునే తలుపుగా మార్చారు. నియంత్రణ సంస్థ పరిశీలన వసూలు తర్వాతకు జారిపోయింది. అసలు ప్రమాదం ఇదే. నేడు 40 పైసలకు అలవాటు పడితే రేపు 80 పైసలకు అడ్డేముంది? డిస్కంలకు రావాల్సిన బాకీలు ఏళ్ల తరబడి పేరుకోనివ్వొద్దన్న సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 6 తీర్పును వేగంగా పిండుకోవడానికి పత్రంగా చూపిస్తారేమో. అదే తీర్పు బాకీలు పేరుకోవడానికి కారణాలేమిటో కఠినంగా ఆడిట్ చేయమనీ ఆదేశించింది. ఆ సగం ఎవరికీ గుర్తుకు రావడం లేదు.

మండలి చేయాల్సింది స్పష్టం. సర్దుబాటు చార్జీ వేసే ముందు ఆ నెల కొనుగోళ్లన్నీ బ్లాకులవారీగా, ధరతో సహా తెలుగులో వెబ్‌సైట్‌లో పెట్టించాలి. అభ్యంతరాలకు కనీసం రెండు వారాలు గడువివ్వాలి. అంచనా తప్పిన అధికారి ఎవరో, ఎందుకు తప్పిందో రాతపూర్వకంగా అడగాలి. అద్దెదారు మారిన ఇంటి మీద పాత వాడకం మోపడం తక్షణం ఆపించాలి. ఎక్కువ రాబట్టినట్టు తేలిన రూ.923 కోట్లకు వడ్డీ ఎవరిస్తారో కూడా చెప్పాలి. బిల్లు కట్టడం ఒక్క వారం ఆలస్యమైతే వినియోగదారుడి నుంచి అపరాధ రుసుము గుంజే డిస్కంలకు, జనం సొమ్ము ఏడాదికి పైగా దగ్గర ఉంచుకున్నందుకు వడ్డీ కట్టాలన్న ఇంగితం లేదా?