మొదట కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగు) చూడండి
బైకు హ్యాండిల్ వణికితే ముందు చక్రం టైరు మార్చేస్తే చాలు అని కొందరు అన్నారు, నేను ఒప్పుకోను. నా 300 కిలోల టూరింగ్ బండికి అలాగే కొత్త టైరు వేయించాను. నెల తిరక్కుండానే కర్నూలు దారిలో యాక్సిలరేటర్ వదిలి వేగం 80 నుంచి 60కి దిగుతుంటే హ్యాండిల్ మళ్లీ అటూ ఇటూ కొట్టుకుంది. వెనక నా భార్య, ఆమె వెనక నిండా సామాన్లున్న టాప్ బాక్సు. పై ప్రాణాలు పైనే పోయాయి. చివరికి ఒక పెద్దాయన, పాతకాలం మెకానిక్, ముందు చక్రం గాల్లోకి లేపి ఫోర్కుల కింది భాగం పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగితే టక్కుటక్కుమంది. కోన్‌సెట్ వదులు! విప్పితే బేరింగు గిన్నెలో గుంటలు. అరిగిన టైరు, తక్కువ గాలి కూడా కారణాలే, కాదనను. కానీ కొత్త టైరు మా బండిలో అసలు లోపాన్ని నెలరోజులు దాచిపెట్టిందంతే. బేరింగు మార్చి, బరువైన సామాన్లు టాప్ బాక్సులోంచి సైడు బాక్సుల్లోకి మార్చాక మళ్లీ వణకలేదు.